ఉప్పునీళ్లకు తొలి బెయిట్‌కాస్టింగ్ రీలు: ఏది చూసి కొనాలి?

ప్రశ్న: చాలా ఏళ్లుగా చిత్తూరు, పీలేరు వైపు చెరువుల్లో స్పిన్నింగ్ రీలుతో గాలం వేస్తున్నాను. ఈ మధ్య తూపిలిపాళెం వెళ్లి సముద్రపు ఒడ్డున, లోపలి ఉప్పు కాలువల్లో కృత్రిమ ఎరలు వేసి చూశాక పండుగప్ప మీద మనసు పడింది. ఇక బెయిట్‌కాస్టింగ్ రీలు కొందామనుకుంటున్నాను. దుకాణంలో 10+1 బేరింగులు, 8.1:1 గేరు, 10 కిలోల డ్రాగ్ ఉన్న రీలు చూపించి, ఆ ధరకు ఇంతకంటే మంచిది దొరకదన్నారు. చెన్నైలో ఉండే మా బావ తాను వాడిన రీలును తక్కువకు ఇస్తానంటున్నాడు. రీలు ఏదైనా నా పాత రాడ్డుకే బిగించుకోవచ్చా? అన్నిటికీ కలిపి ఇరవై వేలు పెట్టగలను. ఏది కొనమంటారు? కొన్నాక పులికాట్‌లో వేయవచ్చా?
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: దుకాణంలో చూపించిన ఆ రీలు కొనకండి. దానిని పొగడడానికి వాళ్లు చెప్పిన మూడు అంకెల్లో ఒక్కటి కూడా మీ అవసరానికి సంబంధించింది కాదు. ఎందుకో చెబుతాను. అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది: ఈ రీలుతో మీరు ఎక్కడ నిలబడి గాలం వేస్తారు?

తూపిలిపాళెంలో అలల ఎదుట నిలబడి దూరంగా విసరడమే మీ ఉద్దేశమైతే కొత్త రీలు అక్కరలేదు, మీ స్పిన్నింగ్ రీలే మేలు. స్పిన్నింగ్ రీలులో స్పూల్, అంటే దారం చుట్టి ఉండే చిన్న డ్రమ్ము, కదలదు, దారం దాని అంచు మీదుగా జారిపోతుంది. బెయిట్‌కాస్టింగ్ రీలులో స్పూలే తిరుగుతుంది, ఎర లాగినంత దారం వదులుతుంది. విసిరిన క్షణంలో ఎరా స్పూలూ ఒకే వేగంతో ఉంటాయి. తరువాత గాలి తగిలి ఎర నెమ్మదిస్తుంది, స్పూల్ మాత్రం అదే ఊపులో తిరుగుతూ ఉంటుంది. బయటికి పోవలసిన దారం పోలేక స్పూల్ మీదే ఉచ్చులు ఉచ్చులుగా లేచి చిక్కుపడుతుంది. ఎదురుగాలిలో ఇది రెట్టింపవుతుంది. మన తీరానికి సముద్రం తూర్పున ఉంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి నేరుగా మీ ముఖానికే కొడుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో అయితే చెప్పనే అక్కరలేదు. తెల్లవారుజామున నేల మీది గాలి మీ వీపు వైపు నుంచి సముద్రంలోకి వీస్తుంది కనుక ఆ రెండు మూడు గంటలు హాయిగా విసరవచ్చు. కానీ రోజులో రెండు మూడు గంటలకు పనికివచ్చే రీలు మీద ఇంత డబ్బు పెట్టడం ఎందుకు?

బెయిట్‌కాస్టింగ్ రీలు తన విలువ చూపేది లోపలే. ఉప్పు కాలువల్లో, ముఖద్వారాల పక్కన, మడ చెట్ల వేళ్ల అంచుల్లో, వంతెన స్తంభాల నీడలో. అక్కడ పది పదిహేను బారల దూరం చాలు. కావలసింది గురి. ఎర నీళ్లను తాకబోయే ముందు బొటనవేలితో స్పూలును నొక్కితే, అది మీరు అనుకున్న చోట, పెద్ద చప్పుడు లేకుండా పడుతుంది. పండుగప్ప దెబ్బ కొట్టి వేళ్లలోకి తిరిగినప్పుడు అదే బొటనవేలితో దారాన్ని ఆపవచ్చు. ఈ పట్టు స్పిన్నింగ్ రీలులో రాదు. మీరు తూపిలిపాళెం వెళ్లినా ఎక్కువ సేపు కాలువల వెంటే గడుపుతారని మీ ఉత్తరం చదివితే అనిపించింది. అందుకే కొనండి అంటున్నాను.

ఇక ఎంపిక. ఎవరు ఏం చెప్పినా, ముందు మీ ఎరలను తూకం వేయండి. వంటింటి తూకమో, కిరాణా కొట్టు తూకమో చాలు. పండుగప్పకు మీరు వాడబోయే రబ్బరు చేప, సీసపు తల కొక్కెంతో కలిపి, సాధారణంగా 10 నుంచి 18 గ్రాముల మధ్య ఉంటుంది. మామూలు బెయిట్‌కాస్టింగ్ రీలు 7 గ్రాములకు తక్కువైన ఎరను సరిగా విసరలేదు, ఎందుకంటే అంత తేలిక ఎర స్పూలును కదిలించలేదు. 4, 5 గ్రాముల ఎరల కోసం ప్రత్యేకంగా తేలికైన, లోతు తక్కువ స్పూళ్లున్న రీళ్లు ఉన్నాయి. అవి వేరే ఆట, మొదటి రీలుగా వద్దు. మీ డబ్బాలో 7 గ్రాముల లోపు ఎరలే ఎక్కువగా ఉంటే వాటిని స్పిన్నింగ్ రీలుకు ఉంచుకోండి. 10 నుంచి 20 గ్రాముల వాటికి ఈ కొత్త రీలు.

తరువాత బ్రేకు, అంటే స్పూల్ ఎరను మించి తిరగకుండా ఆపేది. కొత్తవారికి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, దుకాణాల్లో అన్నిటికంటే తక్కువ చెప్పేదీ దీని గురించే. బ్రేకులు ప్రధానంగా రెండు రకాలు. ఒకదానిలో అయస్కాంతాలుంటాయి. స్పూల్ వాటి పక్కన తిరిగినప్పుడు లోహంలో పుట్టే విద్యుత్తు ఆ తిరుగుడును అడ్డుకుంటుంది. బయట ఉన్న చక్రం తిప్పితే ఆ అడ్డు పెరుగుతుంది, తగ్గుతుంది. రెండోదానిలో స్పూల్ వేగానికి చిన్న చిన్న బిళ్లలు బయటికి జరిగి చుట్టూ ఉన్న వలయానికి రాసుకుంటాయి. విసిరిన మొదట్లో, వేగం ఎక్కువగా ఉన్నప్పుడు ఇది గట్టిగా పట్టి, తరువాత వదిలేస్తుంది. దూరం కాస్త ఎక్కువ వస్తుంది. కానీ పాత తరహా రీళ్లలో ఈ బిళ్లలను సర్దడానికి పక్క మూత విప్పాలి. ఉప్పునీళ్ల పక్కన, తడి ఇసుక చేతులతో మూత విప్పడమంటే లోపలికి ఇసుకను ఆహ్వానించడమే. కాబట్టి ఏ రకమైనా సరే, బయటి నుంచే సర్దుకునే చక్రం ఉన్నదే తీసుకోండి. షిమానో వారి డీసీ రీళ్లలో బ్రేకును చిన్న ఎలక్ట్రానిక్ పరికరం నడుపుతుంది. చిక్కులు నిజంగానే తగ్గుతాయి. మీ బడ్జెట్లో మాత్రం అది మంచి రాడ్డును తినేస్తుంది, కనుక ఇప్పటికి వదిలేయండి.

ఉప్పు సంగతి దగ్గర ఆగి మాట్లాడాలి. చెరువు నీళ్లలో పదేళ్లు బతికే రీలు ఉప్పునీళ్లలో ఒక వానకాలం దాటకపోవచ్చు. ముందు ఫ్రేము దేనితో చేశారో అడగండి. ఖరీదైన తేలిక రీళ్లలో కొన్నిటికి మెగ్నీషియం వాడతారు. పైపూత గీసుకుపోయిన చోట ఉప్పు దానిని తినేస్తుంది. అల్యూమినియం గాని, గ్రాఫైట్ గాని అయితే భయం తక్కువ. ఇక బేరింగులు. 10+1 అని అట్ట మీద రాసినంత మాత్రాన మంచిది కాదు. మామూలు ఉక్కువి పది ఉంటే తుప్పు పట్టడానికి పది చోట్లు ఉన్నట్లే. కవచం ఉండి తుప్పును తట్టుకునేవి నాలుగైదు ఉన్నా రీలు మెత్తగా తిరుగుతుంది. ఆ "+1" అన్నది సాధారణంగా పిడి వెనక్కి తిరగకుండా ఆపే రోలరు బేరింగు. ఉప్పునీళ్లు ముందుగా పాడుచేసే వాటిలో అదీ ఒకటి. అది పోతే మీరు గాలం ఎత్తి కొట్టిన క్షణంలోనే పిడి వెనక్కి జారుతుంది, కొక్కెం చేప నోట్లో దిగదు. డైవా వారు తుప్పు తట్టుకునే బేరింగులను సీఆర్‌బీబీ అని, షిమానో వారు ఎస్ ఏ-ఆర్‌బీ అని రాస్తారు. పెట్టె మీద వెతకవలసింది ఈ మాటలు, బేరింగుల లెక్క కాదు.

ఇంకో భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. దారాన్ని స్పూల్ మీద అటూ ఇటూ సమంగా పరిచే చిన్న వాహకం ఉంటుంది. దాని వెనుక మెలికలుగా గాడులున్న సన్నని కడ్డీ తిరుగుతూ ఉంటుంది. తడిసిన దారం ప్రతి చుట్టుకూ ఆ కడ్డీ మీద ఉప్పు చుక్క వదిలి పోతుంది. నీరు ఆరి, ఉప్పు గడ్డకట్టి, ఇసుక చేరితే ఆ గాడులు అరిగిపోతాయి. రీలు చేతిలోకి తీసుకోగానే ముందువైపు తిప్పి ఆ కడ్డీని చూడండి. అది బ్రష్షుకు అందేలా ఉండాలి.

గేరు నిష్పత్తి విషయంలో 8.1:1 అంటే పిడి ఒక్క చుట్టుకు స్పూల్ 8.1 చుట్లు తిరుగుతుంది. ఎంత దారం వెనక్కి వస్తుందో లెక్క కట్టడం తేలిక. స్పూల్ వ్యాసం 34 మిల్లీమీటర్లనుకుంటే చుట్టుకొలత సుమారు 107 మిల్లీమీటర్లు. 6.2:1 గేరులో ఒక చుట్టుకు 66 సెంటీమీటర్లు, 7.4:1లో 79, 8.5:1లో 91. ఇది స్పూల్ నిండుగా ఉన్నప్పటి లెక్క, దారం తగ్గిన కొద్దీ ఇదీ తగ్గుతుంది. వేగం ఎక్కువ ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ పండుగప్పకు ఎర నెమ్మదిగా, ఆగి ఆగి రావాలి. 8కి పైన గేరుతో నెమ్మదిగా చుట్టడం చేతికి కష్టం, తెలియకుండానే వేగం పెరిగిపోతుంది. పైగా అంత గేరులో బరువు లాగడానికి బలం ఎక్కువ పెట్టాలి. అలాగని 5:1 తీసుకుంటే చేప మీ వైపు ఈదివచ్చినప్పుడు వదులు దారం చుట్టుకోలేరు. 6 నుంచి 7.5 లోపు ఏదైనా సరే. నన్ను ఒక్కటి చెప్పమంటే 7 దగ్గర.

డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా జారనిచ్చే బిగింపు, దాని గురించి రెండు మాటలు చాలు. మీకు సరిపోయే బ్రెయిడ్ (అల్లిన) దారం 20 పౌండ్లది, అంటే సుమారు 9 కిలోలకు తెగేది. డ్రాగ్‌ను దాని మూడో వంతుకు మించి బిగించరు, అది 3 కిలోలు. కనుక 5 కిలోల డ్రాగ్ ఉన్న రీలు చాలినంత. 10 కిలోలు అన్న అంకెను మీరు ఎప్పటికీ వాడరు. బలం కంటే అది జారేటప్పుడు కుదుపు లేకుండా జారడం ముఖ్యం. దారం కొసను చేతికి చుట్టుకోకుండా గుడ్డతో పట్టి లాగి చూడండి, తెలిసిపోతుంది. దారం 120 నుంచి 150 మీటర్లు పడితే చాలు. రీలు మీద 100, 150, 200 అని ఉండే సైజు అంకెలు ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. డైవా 100, షిమానో 150 దాదాపు ఒకే పనికి వస్తాయి.

తప్పక చూడవలసింది పిడి ఎటువైపు ఉందో. స్పిన్నింగ్ రీలులో పిడిని కుడికీ ఎడమకూ మార్చుకోవచ్చు. బెయిట్‌కాస్టింగ్ రీలులో మార్చలేరు. కొన్న రోజే అది తేలిపోతుంది. మీరు కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో పిడి తిప్పే అలవాటు ఉన్నవారైతే ఎడమ పిడి రీలే తీసుకోండి. లేకపోతే విసిరిన ప్రతిసారీ రాడ్డును చేయి మార్చుకోవాలి, పండుగప్ప చాలాసార్లు ఎర నీళ్లలో పడగానే కొడుతుంది. షిమానోలో చివరి అంకె 1 ఉంటే ఎడమ పిడి: 150 కుడి, 151 ఎడమ. ఆన్‌లైన్లో తెప్పించుకునేటప్పుడు దీనిని రెండుసార్లు సరిచూసుకోండి.

పాత రాడ్డుకు బిగించవచ్చా అన్నారు. కుదరదు. స్పిన్నింగ్ రాడ్డులో రీలు కింద వేలాడుతుంది, వలయాలు పెద్దవిగా కింది వైపు ఉంటాయి. బెయిట్‌కాస్టింగ్ రీలు రాడ్డు పైన కూర్చుంటుంది, దారం చిన్న వలయాల మీదుగా పోతుంది, పట్టుకునేచోట వేలు తగిలించుకోవడానికి కొక్కెం లాంటి ముక్క ఉంటుంది. ఆరున్నర నుంచి ఏడు అడుగులు, 7 నుంచి 21 గ్రాముల ఎరలకని రాసి ఉన్న మీడియం రాడ్డు తీసుకోండి. అందుకే మీ ఇరవై వేలను ఇలా పంచమంటాను: సగానికి కాస్త ఎక్కువ రీలుకు, మిగిలినదానిలో ఎక్కువ భాగం రాడ్డుకు, ఆ పైన మంచి బ్రెయిడ్, 30 నుంచి 40 పౌండ్ల ఫ్లూరోకార్బన్ లీడరుకు, అంటే బ్రెయిడ్‌కూ ఎరకూ మధ్య కట్టే గట్టి దారపు ముక్కకు. పండుగప్ప దవడ గరుకుగా ఉంటుంది, మొప్ప అంచు బ్లేడులా కోస్తుంది. లీడరు లేకుండా బ్రెయిడ్ నేరుగా కట్టకండి.

ఈ లెక్కలో షిమానో ఎస్ఎల్ఎక్స్ 150, డైవా టాటులా 100 వంటివి చూడండి, బ్రేకు చక్రం బయట ఉన్న మోడలేనా అని సరిచూసుకోండి. ఎస్ఎల్ఎక్స్ 150 బరువు 195 గ్రాములు, డ్రాగ్ 5 కిలోలు. పొద్దుటి నుంచి విసిరినా మణికట్టు నొప్పి పెట్టదు. షిమానో వారిదే కురాడో 200 దానికంటే మెరుగైనదే, కాని ఆ తరగతికి వెళితే రాడ్డు, దారాలకు మిగిలేది తక్కువ. గుండ్రని పాత తరహా రీళ్లు దృఢంగా ఉంటాయి, దారం ఎక్కువ పడుతుంది. అరచేతిలో ఇమడవు కనుక రోజంతా విసరడానికి అనువు కాదు. ఏది కొన్నా విడిభాగాలు మన దేశంలో దొరికేదే కొనండి. ఉప్పునీళ్ల రీలుకు ఏదో ఒక రోజు బేరింగు మార్చక తప్పదు.

ఇక మీ బావగారి రీలు. మంచి కంపెనీది, తక్కువకు వస్తే నేను కాదనను, కానీ చూడకుండా డబ్బు పంపకండి. చేతికి తీసుకుని స్పూలును బొటనవేలితో ఒక్కసారి తిప్పి చెవి దగ్గర పెట్టుకోండి. ఇసుక నలిగినట్లు గరగర వినిపిస్తే బేరింగులు అయిపోయాయి. అవి మార్చుకోవచ్చు, ధరలో తగ్గించమనండి. మరల చుట్టూ, పెయింటు కింద తెల్లటి పొడి గాని, బుడగలు గాని ఉంటే లోహమే తినబడుతోంది, అది తీసుకోకండి. పిడిని ముందుకు తిప్పి గబుక్కున వెనక్కి నెట్టండి. కాస్తయినా జారితే నేను పైన చెప్పిన రోలరు పోయినట్లే. చివరగా ఆ మెలికల కడ్డీ: వాహకం ఒక కొసన ఆగి తడబడుతుంటే గాడులు అరిగాయి. ఇంకా, మీ బావగారు ఏ చేత్తో పిడి తిప్పుతారో ముందే అడగండి.

రీలు వచ్చాక నేరుగా కాలువకు వెళ్లకండి. నాలుగు సాయంత్రాలు ఇంటి దగ్గర ఖాళీ మైదానంలో, కొక్కెం తీసేసిన ఎరతో విసరండి. ముందు రీలు పక్కనున్న, స్పూలును బిగించే మరను సర్దాలి. ఎరను రాడ్డు కొసన వేలాడదీసి, స్పూలును వదిలే మీట నొక్కండి. ఎర నెమ్మదిగా దిగి, నేలను తాకగానే స్పూల్ కూడా ఆగాలి. నేల తాకాక ఒక చుట్టుకంటే ఎక్కువ తిరిగితే ఇంకాస్త బిగించండి. బ్రేకు చక్రాన్ని పూర్తిగా పెంచి మొదలుపెట్టండి, బొటనవేలు అలవాటు పడిన కొద్దీ ఒక్కో గీత తగ్గించండి. ఎర మార్చిన ప్రతిసారీ బిగింపు మళ్లీ సర్దుకోవాలి. మొదటి రోజుల్లో మీరు విసిరే దూరం కంటే ఐదారు మీటర్లు ఎక్కువ దారం లాగి, స్పూల్ మీద మిగిలిన దారానికి ఒక చుట్టు ఎలక్ట్రీషియన్ టేపు వేయండి. చిక్కు ఎంత పడినా టేపు దాటి లోపలికి పోదు.

అయినా చిక్కుపడుతుంది. కంగారుపడి దారం లాగకండి, ఉచ్చులు ముడులవుతాయి. డ్రాగ్‌ను పూర్తిగా బిగించి, బొటనవేలితో చిక్కును గట్టిగా అదిమిపెట్టి, పిడిని రెండు మూడు చుట్లు తిప్పండి. తరువాత మీట నొక్కి దారాన్ని మెల్లగా లాగండి. ఎక్కువసార్లు మొత్తం వచ్చేస్తుంది. డ్రాగ్‌ను మళ్లీ పాత స్థాయికి తేవడం మరవకండి. దారం ఎక్కించేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. బ్రెయిడ్ నున్నగా ఉంటుంది కనుక స్పూల్ మీద నేరుగా కడితే మొత్తం చుట్ట జారుతుంది. అడుగున పది చుట్లు తంగూసు వేసి దానికి కట్టండి.

ప్రతి ప్రయాణం తరువాత ఇంటికి రాగానే, భోజనానికి ముందే, రీలు కడగాలి. తిరుపతి నుంచి నాయుడుపేట, వాకాడు మీదుగా తూపిలిపాళెం సుమారు వంద కిలోమీటర్లు. వచ్చేసరికి అలసట ఉంటుంది, రేపు చూద్దాంలే అనిపిస్తుంది. ఆ ఒక్క రాత్రిలో ఉప్పు గడ్డకడుతుంది. డ్రాగ్‌ను బిగించి, మంచినీళ్లను సన్నగా పోయండి. బకెట్లో ముంచకండి, పైపు ఒత్తిడితో కొట్టకండి. ఆ ఒత్తిడి ఉప్పును లోపలికే నెడుతుంది. గుడ్డతో తుడిచి, డ్రాగ్ వదులు చేసి, పక్క మూత తీసి స్పూలును బయట నీడలో ఆరబెట్టండి. ఆరాక స్పూల్ బేరింగులకు ఒక్కొక్క చుక్క రీలు నూనె, మెలికల కడ్డీకి ఒక చుక్క. గేర్లకు గ్రీజు ఏడాదికి ఒకటి రెండు సార్లు చాలు. తుప్పు వదిలించే స్ప్రేలను రీలు లోపల కొట్టకండి, అవి ఉన్న గ్రీజును కరిగించేస్తాయి.

పులికాట్ గురించి. ఆ సరస్సులో చాలా భాగం పక్షుల అభయారణ్యం, శ్రీహరికోట వైపు అంతరిక్ష కేంద్రం భద్రతా ప్రాంతం. అభయారణ్యం హద్దుల్లో గాలం వేసే ముందు సూళ్లూరుపేటలో అటవీశాఖ వారిని అడిగి, వారు వద్దన్నచోట వేయకండి. మిగిలిన చోట్ల కూడా మరొకరి హక్కు ఉంది. పులికాట్ మత్స్యకారుల్లో వంతుల వారీగా ఎవరు ఎక్కడ వల వేయాలో నిర్ణయించుకునే పాడు అనే కట్టుబాటు తరతరాలుగా ఉంది. మనకు ఖాళీగా కనిపించే నీళ్లు ఆ రోజు ఒక కుటుంబం వంతు కావచ్చు. కర్రలు పాతిన వలల దగ్గర ఎర విసరకండి. బ్రెయిడ్ దారం వలలో పడితే, మీరు లాగిన కొద్దీ వల కన్నులు తెగుతాయి. ఎర చిక్కుకుంటే దారం కోసి, ఆ వల ఎవరిదో కనుక్కుని చెప్పండి, కొక్కెం చేతికి గుచ్చుకోకుండా వాళ్లు తీసుకుంటారు. ఒడ్డున ఉన్నవాళ్లను ముందుగా పలకరించి ఎక్కడ వేయవచ్చో అడగండి. పండుగప్ప ఏ పోటుకు ఏ కాలువలోకి వస్తుందో కూడా చెప్పగలిగేది వాళ్లే.